క్యాసెట్టు రెండో వైపు

పావగడ తాలూకాలో భూమి కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు. మట్టి చేతిలో నలిపి చూసి కొన్నవాళ్లు ఉన్నారు, పక్కచేలో పంట చూసి కొన్నవాళ్లు ఉన్నారు, పహణి కాగితం ముగ్గురితో మూడుసార్లు చదివించుకుని కొన్నవాళ్లూ ఉన్నారు. సముద్రం అవతల కూర్చుని, కళ్లు మూసుకుని, నీళ్ల చప్పుడు విని నాలుగెకరాలు కొన్న మొనగాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఇన్నేళ్లయినా ఆ రికార్డు ఎవరూ కొట్టలేదు.

పైగా చవగ్గా కొన్నాను. ఎకరా పద్నాలుగు వేలు చెప్పిన భూమిని పదకొండున్నరకు దించాను. అది చాలక, ఆఖరున ఇంకో రెండు వేలు కోయించాను. ఆ రెండు వేల సంగతి తర్వాత వస్తుంది. ఇప్పటికి నన్ను మెచ్చుకోండి.

మీలో బయటి దేశాల్లో పనిచేస్తూ, తిరిగొచ్చేయాలని లెక్కలు వేసుకుంటున్నవాళ్లు నన్ను సలహా అడుగుతుంటారు. సలహాలు ఇచ్చే స్థితిలో నేను లేను. జరిగింది చెబుతాను.

మాది అంగళ్లవాళ్ల కుటుంబం. పావగడ బజారులో తాత పెట్టిన చిల్లర కొట్టు, దాని పక్కనే నాయన పెట్టిన వేరుశనగ కొనుగోలు. నాకు ఎక్కాల కంటే ముందే బేరం వచ్చింది. నాయన నేర్పిన మొదటి పాఠం, ఎదుటివాడు చెప్పే ధర చెవిన పడనివ్వకూడదని. వాడు ధర చెప్పే సమయానికి మనం దగ్గాలి, లేదా తక్కెడ గొలుసులు సర్దుకోవాలి, లేదా లోపలున్న మనిషిని కేకెయ్యాలి. వింటే జవాబు చెప్పాల్సి వస్తుంది. వినకపోతే మాట మన ధరతో మొదలవుతుంది. మా వీధిలో నా అంత బాగా దగ్గేవాడు లేడు.

ఎనభైల మొదట్లో వరసగా వానలు ఎగ్గొట్టాయి. విత్తనానికి దాచుకున్న కాయలు కూడా జనం ఉడకబెట్టుకుని తినేశారు. కాయలు లేకపోతే కొనుగోలు లేదు. ఒక్క అంగడికి అన్నదమ్ములిద్దరం ఎక్కువైపోయాం. అన్న అంగట్లో ఉండిపోయాడు. పెళ్లయి రెండేళ్లు, చంకలో బిడ్డతో ఉన్న నా భార్యను ఇంట్లో వదిలి నేను మస్కట్ వెళ్లాను.

అక్కడ నీళ్ల పంపులు అమ్మే దుకాణంలో పని. తొమ్మిదేళ్లు ఒకే కౌంటరు. ఖర్జూరపు తోటలవాళ్లు పికప్ బండ్లలో వచ్చేవారు. వాళ్ల అరబ్బీ నాకు సగమే తెలిసేది. అందుకని పంపుకు ఏమైందో నోటితో చప్పుడు చేసి చూపించమనేవాణ్ణి. గడ్డాలు నెరిసిన పెద్దమనుషులు కౌంటరు ముందు నిలబడి "గుర్ర్ర్" అనీ, "టకటకటక" అనీ అరిచి చూపేవారు. నేను డాక్టరులాగా తలూపి, ఇది బేరింగు, ఇది లోపలి చక్రం అని ఆ భాగం తీసి బల్ల మీద పెట్టేవాణ్ణి. పదింటిలో ఎనిమిది సరిపోయేవి. మిగతా రెండూ కూడా అమ్ముడుపోయేవనుకోండి.

ఈ చప్పుళ్ల విద్య నేర్పింది వెనక షెడ్డులో ఉండే ముసలి బలూచీ మెకానిక్కు. ఆయన్ని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. చదువు లేదు. బాగుచేసిన పంపును తొట్టిలో దించి, ఆన్ చేసి, పోయి టీ తాగి, అరగంట తర్వాత వచ్చి చెవి పెట్టేవాడు. "మొదటి అయిదు నిమిషాలు ప్రతి పంపూ పాడుతుంది. అలిసిపోయాక ఏమంటుందో అది వినాలి" అనేవాడు హిందీలో. ఆయన దగ్గర అన్నీ నేర్చుకున్నాను, ఆ అరగంట ఆగడం ఒక్కటి తప్ప. "అరగంట నిలబెడితే కొనేవాడికి పక్క దుకాణం గుర్తొస్తుంది ఉస్తాద్" అని నవ్వేవాణ్ణి.

మాతో పాటు దుకాణం పైన గదుల్లో ఉండే ఇంకో మనిషి మలయాళీ క్యాషియరు. చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చేసే మనిషిని నేను జీవితంలో మొదటిసారి చూసింది అతన్నే. కూరగాయల మార్కెట్లో అతని పక్కన నిలబడాలంటే నాకు ఒళ్లు కంపరమెత్తేది.

ఇక క్యాసెట్ల సంగతి. మీరు ఫోన్లో మొహాలు చూసుకుని మాట్లాడుకునే కాలం వాళ్లు. మాకు ఉత్తరాలుండేవి గానీ, మా ఇంటికి ఉత్తరం రాస్తే అది ముందు అంగట్లో విప్పేవారు. గుమాస్తా చదివి వినిపించాక, ఆ తర్వాత లోపలికి పోయేది. అటు నుంచి వచ్చేదీ అంతే. అందుకని సెలవులకు పోయి వచ్చేవాళ్ల చేత గంట క్యాసెట్లు పంపుకునేవాళ్లం. మొదటి వైపు అరగంట మా నాయన, మా అన్న మాట్లాడేవారు: వాన, కాయల ధర, ఎవరి పెళ్లి, ఎవరి చావు. వాళ్లు లేచి అంగట్లోకి వెళ్లాక టేపు తిప్పి రెండో వైపు ఆడవాళ్లు మాట్లాడేవారు. మా ఇంట్లో అదొక పద్ధతి అయిపోయింది, భోజనానికి మగవాళ్లు ముందు కూర్చున్నట్టు.

మొదటి సంవత్సరం వచ్చిన రెండు క్యాసెట్లనూ రెండు వైపులా విన్నాను. రెండో వైపంతా జాబితా. మేనత్తకు గొడుగు, వదినకు చీర, ఎవరో చిన్నమ్మ అల్లుడికి వాచీ, టార్చిలైటు, అత్తరు, మళ్లీ ఇంకో వాచీ. చివర్లో నా భార్య సన్నగా "నువ్వు బాగుండావా" అంది. అంతే. అప్పుడే నిర్ణయించుకున్నాను. అడిగేది వింటే కదా ఇవ్వాలి. ఆ తర్వాత ఏ క్యాసెట్టూ తిప్పలేదు. సెలవులో ఇంటికి పోయినప్పుడు ఎవరైనా నిలదీస్తే "ఆ పక్క టేపు చుట్టుకుని తెగిపోయింది" అనేవాణ్ణి.

అంతటితో ఆగలేదు నా పొదుపు. కొత్త క్యాసెట్టు కొనడం దండగని, వచ్చినదాని మీదే నా జవాబు రికార్డు చేసి తిప్పి పంపేవాణ్ణి. నా ఉపన్యాసం ఏనాడూ ఒక వైపుతో అయ్యేది కాదు. రెండు వైపులా నేనే.

తొమ్మిదో ఏడు తిరిగొచ్చేయాలనిపించింది. చేతిలో నాలుగు రాళ్లు పడ్డాయి. ఊళ్లో బోర్లు పడుతున్నాయి, బోరున్నవాడికి ఏడాదికి రెండు పంటల వేరుశనగ, ఎండాకాలంలో టమాటా అని నాయన టేపుల్లో ఊరించేవాడు. రాయచెర్లు దగ్గర నాలుగెకరాలు అమ్మకానికి ఉన్నాయి, అందులో నడుస్తున్న బోరుందని అన్న చెప్పాడు. నేను నీళ్ల పంపులవాణ్ణి కదా, ఊరికే నమ్ముతానా? "మోటరు ఆన్ చేసి నీళ్ల చప్పుడు టేపులో పట్టి పంపించు" అన్నాను.

పంపించాడు. అబ్బ, ఏం చప్పుడు! రెండున్నర అంగుళాల పైపు నిండా, తొట్టిలో దబదబమని పడుతున్న నీళ్లు. ఆ చప్పుడు వెనక మా అన్న గొంతు: "విన్యావారా? ఇట్ల బోరు మంగళవాడ దాకా పోయినా లేదు!" అయిదు నిమిషాల నీళ్లు, తర్వాత మామూలు కబుర్లు. నేను గదిలో కళ్లు మూసుకుని నాలుగుసార్లు విన్నాను. నాలుగోసారికి నా కళ్ల ముందు టమాటా పండిపోయింది.

గర్వం ఆగక ఉస్తాద్‌ని పిలిచి వినిపించాను. ఆయన తల వంచి విన్నాడు.

"పంపు మంచిది. తర్వాత?"

"తర్వాత మా అన్న మాట్లాడుతున్నాడు."

"మీ అన్నని కాదు, పంపుని అడుగుతున్నా. అరగంట తర్వాత ఏమంటోంది?"

"ఇంతే పట్టారు ఉస్తాద్."

"వెనక వైపు ఏముంది?"

"ఇంటి సామాన్ల జాబితా" అన్నాను. ఆయన భుజాలెగరేసి షెడ్డుకు వెళ్లిపోయాడు.

బేరం ఫోన్లో నడిపించాను. మా అంగడికి ఫోనుండేది. ఒకసారి అమ్మే రైతునే అంగడికి పిలిపించి నేరుగా మాట్లాడాను. ధర ఒక కొలిక్కి వచ్చాక ఆయన "స్వామీ, బోరు సంగతి ఒక మాట చెప్పల్ల నీకు" అన్నాడు. ధర పెంచడానికి ఎత్తుగడ అని నాకు వెంటనే వాసన తగిలింది. దగ్గాను. ఆయన ఆగి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ దగ్గాను. మూడోసారి ఆయనే "సరే, ఒళ్లు చూసుకో స్వామీ" అని ఫోను మా అన్నకిచ్చేశాడు. ఆ రాత్రి నాయన్ను తలుచుకుని ఎంత పొంగిపోయానో.

రిజిస్ట్రేషన్ నేను వచ్చాక పెట్టుకుందామనుకున్నాం. కానీ రైతుకు డబ్బు తొందరగా ఉందని అన్న మాటల్లో తెలిసింది. తొందరలో ఉన్నవాడి దగ్గర పిండుకోకపోతే అంగడి పేరేం కావాలి? "నెల ముందే రిజిస్ట్రేషన్ చేసుకుంటాం, రెండు వేలు తగ్గించమను" అన్నాను. తగ్గించాడు. డ్రాఫ్టు పంపాను. రిజిస్ట్రేషన్ ఒక శుక్రవారానికి కుదిరింది. ఈలోపు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను, వీసా రద్దుకు కాగితాలు వెళ్లాయి, టికెట్టు చేతికొచ్చింది.

ఇక మూటలు కట్టే పని. తిరిగొచ్చేవాడు తన తొమ్మిదేళ్లను తూకం వేసుకోవాల్సిందే. దుకాణం వెనక పంపులు తూచే కాటా మీద పెట్టెలు పెట్టి, దించి, మళ్లీ పెట్టి, రెండు దుప్పట్లు తీసి టేపు రికార్డరు పెట్టి, రికార్డరు తీసి పాలపొడి డబ్బాలు పెట్టి, వారం రోజులు కుస్తీ పట్టాను. మంచం, ఫ్యాను నా చోటుకు వచ్చే కుర్రాడికి అంటగట్టాను. ఆఖరికి మూడు క్యాసెట్లు మిగిలాయి. నేనే ఇంటికి పోతున్నాను కాబట్టి ఆఖరి మూడింటికీ జవాబు రికార్డు చేసి పంపలేదు. బరువు దండగ. పాటలు ఎక్కించుకుంటానంటే క్యాషియరుకు మూడూ మూడు వందల బైసాలకు, అంటే రియాలులో మూడో వంతు కూడా కాని ధరకు, అమ్మేశాను. అతను చెప్పిన ధరే ఇచ్చాడు. ఎక్కువ చెప్పాల్సిందని బాధపడ్డాను కూడా.

శుక్రవారం వచ్చింది. సెలవు. పొద్దున తొమ్మిదిన్నరకు నేను నేల మీద కూర్చుని పెట్టెకు నైలాన్ తాడు బిగిస్తున్నాను. తలుపు తోసుకుని ఉస్తాద్ వచ్చాడు. నమాజుకు వేసుకున్న ఇస్త్రీ బట్టలు, చేతిలో క్యాషియరు టేపు రికార్డరు. వెనక క్యాషియరు, తప్పు చేసినవాడి మొహంతో.

"నీ పంపు చచ్చిపోయింది" అన్నాడు ఉస్తాద్.

"ఏ పంపు?"

"నువ్వు నాకు వినిపించిన పంపు. పాటలు ఎక్కించే ముందు ఇతను వెనక వైపు పెట్టి చూస్తున్నాడు. నేను మెట్లు దిగుతున్నా. ఆ చప్పుడు విని ఆగిపోయా."

రికార్డరు నేల మీద పెట్టి మీట నొక్కాడు.

ముందు నీళ్లు. దాని మీద నా భార్య గొంతు. మూడేళ్లుగా నేను ఆ గొంతు వినలేదు. జీతం వస్తుందని మధ్యలో ఒక సెలవు అమ్ముకున్నాను.

"ఇదో, వింటాండావా? మీ అన్న, మామ, ఆ రైతు అందరూ గట్లు చూసేకి పోయినారు. నేనొక్కదాన్నే మోటరు కాడ ఉండా. వాళ్లు నీకు అయిదు నిమిషాలు నీళ్లు వినిపించినారు కద, ఇంగ మిగిలింది నేను వినిపిస్తా. వాచీ చూసి చెప్తా ఉండా. ఇప్పటికి పది నిమిషాలు."

నీళ్ల చప్పుడు. ఉస్తాద్ నా మొహం చూస్తున్నాడు.

"పన్నెండు. ఇదో, సన్నమైపాయె. నా చిటికెనేలంత వస్తాండాది."

తర్వాత వచ్చింది ఆ చప్పుడు. నేను తొమ్మిదేళ్లు కౌంటరు మీద వంద గొంతుల్లో విన్న చప్పుడు. గుళక్, గుళక్, ఆపైన ఖాళీ పైపులో గాలి ఈలేసినట్టు. నీళ్లు కిందికి జారిపోయి పంపు గాలి మింగుతోంది. దీనికి అమ్మడానికి నా దగ్గర ఏ భాగమూ లేదు.

"ఏమంటోంది ఆవిడ?" అన్నాడు క్యాషియరు. వాళ్లకు తెలుగు రాదు కదా. నా భార్య నాతో చెప్పిన మాటలను నేను ఇద్దరు మగవాళ్లకు హిందీలో అప్పజెప్పాల్సి వచ్చింది.

"ఇంగ గాలే వస్తాండాది. మోటరు ఆపేస్తా, కాలిపోతాది. మీ అన్నకి చెప్తే, ఆడోళ్లకి బోర్ల సంగతి ఏం తెలుసని నవ్వుతాడు. నవ్వనీ. మొన్న ఈ పక్క చేను ఆమెను అడిగినా. పావుగంట వస్తే మళ్లా పొద్దు గుంకేదాకా ఊరల్లంట. ఈ భూమి వద్దు. ఇదో చూడు, ఇన్నాళ్లూ నువ్వు ఏం చెప్పకపోతే సరే అన్నట్టే అనుకుని నా పని నేను చేసుకుంటి. దీనికి అట్లగాదు. దీనికి నువ్వు నోరు తెరిచి వద్దనల్ల. నేను చెప్పినానని చెప్పొద్దులే. నీకే తోచినట్టు చెప్పు."

మిగతా టేపంతా గాలి, ఎక్కడో మేక అరుపు. ఆమె టేపు ఆపకుండా నిలబడి ఉంది, నీళ్లు మళ్లీ వస్తాయేమోనని.

మూడు నెలల కిందట వచ్చిన క్యాసెట్టు అది. మూడు నెలలూ నా మంచం కింద ఉంది.

"ఇంటికి ఫోన్ చెయ్యి" అన్నాడు ఉస్తాద్. అప్పుడు గుర్తొచ్చింది ఆ రోజు ఏ శుక్రవారమో.

చెప్పులు ఏ కాలివి ఏ కాలికి వేసుకున్నానో తెలియదు. టెలిఫోన్ ఆఫీసు ముందు సెలవు రోజు వరస రోడ్డు దాకా ఉంది. అందరూ ఇళ్లకు మాట్లాడుకునేవాళ్లే. ముందున్న ఒక్కొక్కణ్ణీ బతిమాలాను. ఒకడు డబ్బడిగాడు, ఎంతని కూడా అడక్కుండా చేతికొచ్చిన నోటు ఇచ్చేశాను. మస్కట్‌లో పదిన్నర, మా ఊళ్లో పన్నెండు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పన్నెండింటికి పని ఎప్పుడైనా మొదలయిందా? ఇంకా అరుగు మీద కూర్చుని ఉంటారు. కచ్చితంగా ఉంటారు. ఒక్క మాట, "ఆపండి" అంటే చాలు.

అంగట్లో ఫోను ఎత్తింది మా అన్నే.

"ఏమిరా, వాసన పట్టినావా! ఇప్పుడే ఆఫీసు నుంచి వస్తిమి. దేవుని దయ, సాహేబ్రు ఈ పొద్దు టైముకు వచ్చిండె. పదకొండున్నరకే అంతా ముగిసిపాయె. ఆ రైతు వేలిముద్ర వేసినాడు, లెక్క తీసుకున్నాడు. రెండు వేలు నువ్వు కోసిన మాట చెప్పి ఆఫీసులో అందరూ నవ్విరి. పేడాలు పంచుతాండాం. ఏమిరా? వినపడతాండాదా?"

వినపడుతోందన్నాను. నేను రెండు వేలకు ఆశపడకపోయి ఉంటే రిజిస్ట్రేషన్ ఇంకో నెల తర్వాత. అంటే నా కళ్లతో నేను నీళ్లు చూసిన తర్వాత.

"ఆమెను పిలువు" అన్నాను.

అంగడి వెనకే ఇల్లు. రెండు నిమిషాలు పట్టింది. ఫోను బూత్‌లో నా డబ్బు కరుగుతోంది. ఆమె వచ్చింది.

"ఏంది, ఒంట్లో బాగుండాదా?"

"టేపు విన్నాను" అన్నాను. "రెండో వైపు."

అంగట్లో ఎవరో పేడా అడుగుతున్నారు. తర్వాత చాలా మెల్లగా, పక్కవాళ్లకు వినపడకుండా, ఆశ్చర్యపోతూ అడిగింది:

"ఇన్నేండ్లకి తిప్పినావా?"

ఆమెకు మొదటి నుంచీ తెలుసు. తను మాట్లాడిన టేపు మీద నా గొంతు ఎక్కి తిరిగొచ్చేది, ఒక్క దానికీ జవాబు లేకుండా. తెలుగు వచ్చిన ఏ మనిషికైనా అర్థమవుతుంది. నేను "తొమ్మిదో తారీఖు వస్తున్నా" అన్నాను. "రా" అంది. లైను తెగింది.

గదికి తిరిగొచ్చి క్యాషియరును మిగతా రెండు క్యాసెట్లు అడిగాను. మూడు వందల బైసాలు తీసి ఇవ్వబోయాను. ఆ మనిషి, తొమ్మిదేళ్లలో ఒక్కసారి బేరమాడని మనిషి, తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడు వీటి ధర పెరిగింది. మూడూ కలిపి ఒక రియాలు."

ఉస్తాద్ పగలబడి నవ్వాడు. నేను రియాలు తీసిచ్చాను. మస్కట్‌లో నేను బేరమాడకుండా కొన్న వస్తువు అదొక్కటే. తర్వాత తెలిసింది, ఆ రియాలు నా పెట్టెలోనే తిరిగి పెట్టేశాడు, దుప్పటి మడతలో.

ఆ రెండూ అక్కడే నేల మీద కూర్చుని విన్నాను. ఒక దాంట్లో: "పోయిన టేపులో అడిగింటి. నువ్వేం చెప్పలా. చెప్పకపోతే సరే అన్నట్టే అని చెప్పిందే కద. గొలుసు కుదువ పెట్టి పది మూటలు శెనిక్కాయ కొన్నా. ఆరుమంది ఆడోళ్లను పెట్టి విత్తనానికి ఒలిపిస్తాండా. మిషను వద్దు, గింజ పగుల్తాది. చేత్తోనే." ఇంకో దాంట్లో: "వానకి ముందర అంతా అమ్ముడుపాయె. గొలుసు విడిపించినా. ఈ తూరి ముప్పై మూటలు. పాపను ఇంగ్లీషు ఇస్కూలుకి మార్చినా. నువ్వు వద్దనలేదు కద."

మా అన్న మొదటి వైపున ఒకసారి "ఆడోళ్లు టైంపాసుకి ఏవో గింజలు ఒలుస్తాండారు" అన్నట్టు గుర్తు. నా ఇంట్లో నాకు తెలియని వ్యాపారం ఏడాదిగా నడుస్తోంది. ప్రతి అడుగుకూ నా అనుమతి ఉంది. నేను దగ్గినప్పుడల్లా ఇస్తూ వచ్చాను.

ఊరికి వచ్చిన మూడో రోజు భూమి చూడ్డానికి వెళ్లాను. అమ్మిన రైతు కూడా వచ్చాడు, మర్యాదకు. మోటరు ఆన్ చేసి మస్కట్ వాచీ చూసుకున్నాను. పన్నెండు నిమిషాల ఇరవై సెకన్లు. గుళక్. మా అన్న నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు.

రైతు నా వైపు జాలిగా చూశాడు. "ఆ పొద్దు ఫోన్లో చెప్దామనే ఉంటి స్వామీ. నీకు దగ్గు శానా ఉండె. ఇప్పుడు తగ్గిందా?"

తగ్గిందని చెప్పాను.

ఆ తర్వాత రెండు చోట్ల బోరు వేయించాను. మొదటిది రెండు వందల యాభై అడుగులు, తెల్లటి దుమ్ము. రెండోదానికి నా దగ్గర డబ్బు చాలక ఆమెను అడిగాను. ఆమె గింజలు ఏరుతోంది. నేను అడుగుతుండగానే చెయ్యి చాచి రేడియో సౌండు పెంచింది. అప్పు చేసి వేయించాను. అదీ దుమ్మే. ఆ ఏడాది నుంచి నా ఉద్యోగం ఆమె దగ్గరే. మూటలు తూచేది నేను, గింజ మంచిదో కాదో చెప్పేది ఆమె. ఇరవై రెండేళ్లు చేశాను. రిటైరయ్యానని నేను చెప్పుకునేది ఆ పని నుంచే.

మిగతా టేపుల్లో ఏం చెప్పావని చాలాసార్లు అడిగాను. "అప్పుడు చెప్పింది అప్పటిది. ఇప్పుడు యాడ గుర్తుంటాది" అనేది. ఒక్కసారి మాత్రం, ఇద్దరం కూర్చుని పుచ్చు గింజలు వేరు చేస్తుండగా, అడక్కుండానే చెప్పింది.

"మూడో ఏడు టేపులో నన్ను ఆడికి పిలిపించుకో అని అడిగింటి. పాపని ఎత్తుకుని వస్తా, ఒక్క రూమైనా చాలు అంటి. నువ్వు తిప్పి పంపిన టేపులో మీ అన్నకి తక్కెడ రాళ్ల సంగతి చెప్పినావు. చెప్పకపోతే వద్దన్నట్టే అనుకుంటి. వారం ఏడ్చినా. తర్వాత, ఎందుకు ఏడ్చల్ల, చెప్పకపోతే సరే అన్నట్టు అనుకుంటే పోతుంది కద అనుకుంటి. ఆ పొద్దు నుంచి బాగుండాది."

"తెలిసి కూడా ఎందుకు మాట్లాడేదానివి?" అన్నాను.

"అరగంట ఎవురూ అడ్డం రారు కద" అంది. గింజల చేట నా వైపు జరిపింది.

ఇక లెక్క చెప్పి ముగిస్తాను. అంగళ్లవాళ్ల బిడ్డను, దొంగ లెక్క రాయను.

భూమికి నలభై నాలుగు వేలు, దుమ్ము తీసిన రెండు బోర్లకు ఇంచుమించు అంత. ఇది నష్టం కింద రాసి పాతికేళ్లు ఉంచాను. ఈమధ్య ఆ నాలుగెకరాలూ సోలారువాళ్లు బాడుగకు తీసుకున్నారు. నీళ్లు లేని నేలలో ఎండ పండుతోంది, ఏటా డబ్బొస్తోంది. కాబట్టి ఆ పద్దు కొట్టేశాను. కోయించిన రెండు వేలు ఆ రైతు బతికుండగానే ఆయన కూతురు చేతిలో పెట్టాను. ఒక రియాలు క్యాషియరుకు బాకీ, ఎక్కడున్నాడో తెలియదు.

వచ్చిన క్యాసెట్లు ఇరవై ఆరు. రెండు వైపులా విన్నవి మొదట్లో రెండు. క్యాషియరు పుణ్యాన దక్కినవి మూడు. మిగతా ఇరవై ఒకటి నేను వినకుండా, నా గొంతుతో నేనే చెరిపేసినవి. ఒక్కో వైపు అరగంట. మొత్తం పదిన్నర గంటలు.

ఆమెను అడిగి చూశాను, అందులో ఒక్క గంటయినా మళ్లీ చెప్పమని. అరగంట చాలన్నాను. "అప్పటిది అప్పటిదే" అంది. తగ్గించలేదు.